రీలు అయిపోయాక

డాక్యుమెంటరీలు తీసినంత కాలం పెద్దాయనకి ఒకటే పట్టుదల. ఎవరినీ "ఇంకోసారి చెప్పండి" అని అడిగేవాడు కాదు. మాట తడబడినా, మధ్యలో దగ్గొచ్చినా, పక్కింటి కుక్క మొరిగినా సరే, వచ్చింది వచ్చినట్టే ఉంచేవాడు. "జరిగేది ఒక్కసారే జరుగుతుంది. రెండోసారి అడిగామా, అది నాటకమే," అనేవాడు. ఇది వినీ వినీ విసుగెత్తిన ఆయన భార్య, కూరలో ఉప్పెక్కువైన రోజున, "జరిగేది ఒక్కసారే జరుగుతుందండీ, ఇంకోసారి వండమనకండి," అంటూ గరిటె నిండా వడ్డించేది.

ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉండేది. దానివల్లే సినిమావాళ్లు చాటుగా ఆయనకి 'వట్టి కెమెరా' అని పేరు పెట్టారు. ఎక్కడికి వెళ్లినా మొదటి కొన్నాళ్లు కెమెరాలో రీలు వేసేవాడు కాదు. ఆ సంగతి దాచేవాడు కూడా కాదు, మూత తీసి మరీ చూపించేవాడు. వట్టి కెమెరానే భుజాన పెట్టుకుని బర్రుమని తిప్పుతూ ఉండేవాడు. మొదట్లో జనం తల దువ్వుకునేవారు, పొట్ట లోపలికి పీల్చేవారు, ఉపన్యాసం ఇస్తున్నట్టు మాట్లాడేవారు. లోపల ఏమీ లేదని తెలిశాక దాన్నో బకెట్టులాగా చూసి వదిలేసేవారు. అప్పుడు ఒకరోజు, ఎవరికీ చెప్పకుండా, రీలు వేసేవాడు. ఇందులో మోసం లేదా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. తనను తాను అడుక్కునే తీరిక ఆయనకీ లేకపోయింది. సినిమాలు బాగా వచ్చేవి మరి.

లిఫ్టాయన విషయంలోనూ అదే చేశాడు.

అదొక పాత ఆఫీసు భవనం. మడతలు పడే ఇనప గేటు ఉన్న లిఫ్టు, మూలన ఒక స్టూలు, స్టూలు మీద ఖాకీ చొక్కా మనిషి. ఎక్కిన ప్రతివాడినీ "పైకా, కిందికా?" అని అడగడమే ఆ మనిషి ఉద్యోగం. పెద్దాయన సినిమాకి ఆ పేరే పెట్టాడు. ముగ్గురికి మించి పట్టని ఆ పెట్టెలో కెమెరా ఆయనే తిప్పాడు, టేపు రికార్డరూ ఆయన భుజానే వేలాడేది. ఒక మధ్యాహ్నం లిఫ్టాయన ఎర్ర బటన్ నొక్కి లిఫ్టుని రెండంతస్తుల మధ్య ఆపాడు. అప్పుడప్పుడూ అలా ఆపుకుని, ఎవరూ పిలవని చోట కాసేపు కూర్చునేవాడట. కెమెరా వట్టిదేనన్న నమ్మకంతో, గేటు బయటి గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఈ పెట్టెలోంచి బయటపడితే ఇంకో పెట్టె సార్, ఇల్లు. ఎప్పుడో ఎటైనా పారిపోయేవాణ్ణి. ఆ పిల్ల పుట్టింది. కాళ్లకి బండ కట్టినట్టయింది."

ఆ రోజు కెమెరాలో రీలు ఉంది. సినిమా ఆ మాటతోనే అయిపోతుంది. ఆ తర్వాత గేటు మూసుకున్న చప్పుడు, చీకటి, అంతే. చూసినవాళ్లు చాలాసేపు కుర్చీల్లోంచి లేవలేదు. ఆ ఒక్క సన్నివేశం పెద్దాయన్ని ఎక్కడెక్కడికో మోసుకెళ్లింది. సినిమా నేర్పే బడుల్లో దాన్ని పాఠంగా పెట్టారు. 'వినడం తెలిసిన దర్శకుడు' అని పత్రికలు రాశాయి. భార్య ఆ పత్రిక మడిచి అలమరలో పెడుతూ, "వినడమా? ఈయనా?" అని నవ్వుకుంది. ఆమె నవ్వుకీ కారణం ఉంది. కెమెరా తిరుగుతుంటే ఆయనకి చీమ తుమ్మినా వినపడేది. కెమెరా ఆగిందా, పక్కన పిడుగు పడినా తెలిసేది కాదు. "నాతో మాట్లాడేటప్పుడు ఆ కెమెరా కాస్త భుజాన పెట్టుకోండి, అప్పుడైనా నేనన్నది చెవికెక్కుతుంది," అని ఆమె ఎన్నిసార్లు అన్నదో. ఆ మాట కూడా ఆయనకి వినపడినట్టు లేదు.

ఇదంతా పాత కథ. ఇప్పుడు ఆయనకి మోకాళ్లు లేవు, ఒక కన్ను సగమే ఉంది, సినిమాలైతే అసలే లేవు. జీవితమంతా తీసినవన్నీ ఒక గోదాములో పెట్టాడు. చెమ్మ పట్టి, రీళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, డబ్బా మూత తీస్తే పులిసిన వాసన వచ్చేది. వాటితో పాటు ఆయన నడివయసంతా పోయింది. మిగిలింది 'పైకా, కిందికా' ఒక్కటే. అదైనా, ఎవరో అడిగి తీసుకెళ్లి తిరిగివ్వడం మరిచిపోయారు కాబట్టి బతికింది.

ఆ మిగిలిన ఒక్కదాన్ని సినిమా భాండాగారంవాళ్లు బాగుచేసి, చెడిపోకుండా ఎప్పటికీ దాచడానికి ఒప్పుకున్నారు. ఆ భాండాగారం ఇప్పుడున్నది లిఫ్టాయన పనిచేసిన భవనంలోనే. పై అంతస్తులో సభ, సన్మానం, సినిమా ప్రదర్శన. లిఫ్టుకి కూడా పెళ్లికి తీసుకెళ్లే ముసలాయనకి కొత్త చొక్కా తొడిగినట్టు కొత్త రంగు వేసి నిలబెట్టారు. స్టూలు మీద ఎవరూ కూర్చోకుండా అడ్డంగా తాడు కట్టారు.

ఒక్కటే చిక్కు. భాండాగారం అధికారి మంచివాడే గానీ నియమం దగ్గర మొండివాడు. "ఒక మనిషి తన ఇంటి గుట్టు చెప్పుకున్న సన్నివేశం అండీ. ఇప్పుడాయన లేరు. ఆయన కూతురు సరే అంటేనే అది ఉంచగలం. కాదంటే తీసెయ్యాలి," అని ముందే చెప్పేశాడు. ఆ సన్నివేశం తీసేస్తే సినిమాలో మిగిలేది గేటు తియ్యడం, గేటు వెయ్యడం. ఆ సంగతి పెద్దాయనకి తెలుసు. చావే గంట కొట్టి పిలిచి గుమ్మంలో నిలబడినా ఆయనకి ఇంత భయం వేసేది కాదు. తను పోయినా ఫరవాలేదు, అది ఉండాలి. ఉండేది అదొక్కటే.

సభ మొదలవడానికి కాస్త ముందు అధికారి కింది హాల్లోకి వచ్చాడు.

"ఆవిడ వచ్చారండీ. సరే అనలేదు, కాదనీ అనలేదు. మీతో ఒక్కదాన్నే లిఫ్టులో పైకొస్తానంటున్నారు."

పక్కనే కూర్చున్న భార్య ఆయన కాలరు సరిచేసింది. "వెళ్లండి. ఈసారైనా ఆ అమ్మాయి ఏమంటుందో వినండి," అని, తను అధికారితో మెట్లమీదుగా పైకి బయలుదేరింది.

లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నావిడకి యాభై దాటి ఉంటాయి. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుందట. పొట్టిగా, గట్టిగా, చేతిలో సంచి లేకుండా ఉంది. ఆయన్ని చూసి నమస్కారం పెట్టింది. తాడు విప్పి పక్కన వేసింది.

"కూర్చోండి. నిలబడలేరు మీరు."

పెద్దాయన లిఫ్టాయన స్టూలు మీద కూర్చున్నాడు. ఆ స్టూలుని నెలల తరబడి కెమెరాలోంచి చూశాడే గానీ, దాని మీద కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడినుంచి చూస్తే గేటు మడతలు ఇంత దగ్గరగా, ఇంత ఒత్తుగా ఉంటాయని ఆయన అనుకోలేదు. ఆమె గేటు లాగి, సరిగ్గా ఒకప్పుడు ఆయన కెమెరాతో నిలబడ్డ మూలలో నిలబడింది. లిఫ్టు మూలుగుతూ కదిలింది. ఒక అంతస్తు దాటింది. గేటు బయట వట్టి ఇటుక గోడ వచ్చింది.

ఆమె ఎర్ర బటన్ నొక్కింది.

"ఏమ్మా, ఏమైంది?"

"ఏమీ కాలేదు. నేనే ఆపాను. మా నాన్న ఇక్కడే ఆపేవాడట కదా. సినిమాలో చూశాను."

పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో మైకు ఊది చూస్తున్నారు. లోపల గాలి ఆడడం లేదు. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. పెద్దాయనకి లేవాలంటే మోకాళ్లు సహకరించవు, అరవాలంటే పరువు. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు.

"కంగారుపడకండి. కెమెరా లేదు," అంది ఆమె. నిజంగా కంగారు తగ్గించడానికే అన్నట్టు అంది. "మీకొకటి చెప్పాలి, ఒకటి అడగాలి. ముందు చెప్పేది చెప్పేస్తాను. ఆ సినిమా మొదటిసారి వేసినప్పుడు మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు, గుర్తుందా? మా అమ్మ, నాన్న, మధ్యలో నేను. కొత్త గౌను వేసుకుని వచ్చాను. నాన్న బొమ్మ తెరమీద కనిపించినప్పుడల్లా చప్పట్లు కొట్టాను. చివర ఆ మాట వచ్చింది. అందరూ నాకేసి చూశారు."

ఆ రోజు పెద్దాయన ముందు వరస చూడలేదు. వెనక నిలబడి జనం వీపులు చూస్తూ, సినిమా ఎక్కిందో లేదో లెక్కకట్టుకుంటున్నాడు.

"మర్నాటి నుంచి బళ్లో నా పేరు బండ. ఆటల్లో బండ, తరగతిలో బండ. పెళ్లయ్యాక మా ఆయన కూడా ఒకసారి కోపంలో అన్నాడు. తర్వాత కాళ్లావేళ్లా పడ్డాడనుకోండి. కానీ అన్నాడు."

"అమ్మా, నేను..."

"ఉండండి. మా నాన్న ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడలేదు. నేను అడగలేదు. పోయే ముందు ఆస్పత్రిలో తనే అన్నాడు. 'ఆ మాట తర్వాత ఇంకో మాట కూడా అన్నానే. అది వెయ్యలేదు ఆయన' అని. ఏంటది నాన్నా అంటే చెప్పడు. 'ఇప్పుడు నేను చెబితే కప్పిపుచ్చుకున్నట్టుంటుంది. నువ్వు నమ్మవు. ఆయన విన్నాడు, ఆయన్నడుగు' అన్నాడు. నేను మీ దగ్గరికి రాలేదు. ఎందుకంటే, ఆ రెండో మాట మొదటిదానికంటే ఘోరమైతే? అందుకని ఇన్నాళ్లూ రాలేదు."

ఆమె గేటు మడతని ఒక వేలితో పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడడుగుతున్నాను. అది చెప్పండి. పైకెళ్లి సరే అంటాను, ఒక్క బొమ్మ కూడా తీసెయ్యొద్దంటాను. ఏమన్నాడు మా నాన్న?"

ఆ మధ్యాహ్నం పెద్దాయనకి బాగా గుర్తుంది. గుర్తుండడమే ఇప్పుడు శాపం. 'బండ కట్టినట్టయింది' అనగానే కెమెరాలో రీలు టపటపమని కొట్టుకుంది. అయిపోయింది. మీట నొక్కితే కెమెరా, టేపు రెండూ ఆగాయి. ఆయన నల్ల సంచి తీసి, వెలుతురు తగలకుండా చేతులు లోపల పెట్టి, పాత రీలు విప్పి డబ్బాలో దాస్తున్నాడు. లిఫ్టాయన ఏదో అంటున్నాడు. పెదవులు కదిలాయి. నవ్వాడు కూడా. నవ్వి, గోడ వైపు నుంచి ఇటు తిరిగి, తనకేసి చూసి మరీ అన్నాడు. పెద్దాయన తల ఊపాడు. ఆ తల ఊపు కూడా గుర్తుంది. కానీ బుర్రలో తిరుగుతున్నది ఒకటే: దొరికింది, దొరికింది, దొరికింది.

వినలేదు. అంతే సంగతి. లోకమంతా వినడం తెలిసినవాడని పొగిడిన మనిషి, ఆ చిన్న పెట్టెలో, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర్లో కూర్చున్న మనిషి మాట వినలేదు.

"చాలా కాలమైందమ్మా. సరిగ్గా గుర్తు..."

"గుర్తు లేదా? వినలేదా?"

కళ్లజోళ్ల దుకాణంలో కంటి ముందు అద్దం మార్చి, ఇది బావుందా, అది బావుందా అని అడిగినట్టే అడిగింది. కోపం లేదు. కోపమైనా ఉంటే ఆయన దాని వెనక దాక్కునేవాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వినలేదంటే ఆమె మిగిలిన బతుకంతా ఆ మొదటి మాటతోనే బతకాలి, సినిమా పోతుంది. విన్నానంటే అబద్ధం. తను ఎన్నడూ ఎవరి నోట్లోనూ మాట పెట్టలేదు. చచ్చినవాడి నోట్లో పెట్టాలి ఇప్పుడు. పైన ఎవరో "లిఫ్టు ఆగినట్టుందే" అంటున్నారు. ఇటుక గోడ ఆయన ముఖం మీదికి వస్తున్నట్టుంది. ఒకప్పుడు ఈ గోడ వైపే చూస్తూ ఒక మనిషి గుండె విప్పాడు. అప్పుడు గోడ ఎంత దూరంలో ఉందో ఆయన చూసుకోలేదు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. పెద్దాయన జీవితమంతా చేసింది అతకడమే. అక్కడి ముక్క ఇక్కడ పెట్టి, అతుకు కనపడకుండా చెయ్యడమే. చేతులు మరిచిపోయినా బుర్ర మరిచిపోలేదు.

"విన్నానమ్మా," అన్నాడు. "నవ్వి అన్నాడు. 'ఆ బండే లేకపోతే ఏ గాలికో కొట్టుకుపోయేవాణ్ణి సార్. సాయంత్రం గుమ్మంలో నిలబడి ఉంటుంది, దాన్ని చూస్తే చాలు' అన్నాడు. రీలు అయిపోయింది. అందుకే వెయ్యలేకపోయాను."

ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుంది.

"మా నాన్న అంత వరసగా మాట్లాడే మనిషి కాదే," అంది మెల్లగా.

పెద్దాయన చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఏమో, ఆ రోజు మాట్లాడాడేమో. నన్నేమని అన్నాడు? పేరు పెట్టి అన్నాడా?"

"లేదమ్మా. మా పిల్ల అన్నాడు."

"మా పిల్ల," అని ఆమె ఒకసారి తనలో అనుకుంది. ఇంకేమీ అడగలేదు. బటన్ నొక్కింది. లిఫ్టు ఒక కుదుపు కుదిపి, మూలుగుతూ పైకి పోయింది.

గేటు తీయగానే చప్పట్లు. దండ, శాలువా, మైకు. ముందు వరసలో భార్య. పక్కన ఒక కెమెరా అమ్మాయి, ఆయన మనవరాలి వయసుంటుంది, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని అంతా తీస్తోంది. అధికారి గొంతు సవరించుకుని, లిఫ్టాయన కూతుర్ని వేదిక మీదికి పిలిచి, సన్నివేశం ఉంచడం ఆమెకి సమ్మతమేనా అని అడిగాడు.

"సమ్మతమే," అంది ఆమె. "ఒక్క బొమ్మ కూడా తీసెయ్యొద్దు. కానీ నాదో కోరిక. రీలు అయిపోయాక మా నాన్న ఇంకో మాట అన్నాడు. అది విన్నది ఈయనొక్కరే. అది ఈయన నోటితో ఇప్పుడు చెప్పించి, తీసి, సినిమా చివర కలపాలి. ఎప్పుడు వేసినా అదీ వెయ్యాలి."

అధికారి ముఖం వెలిగిపోయింది. "తప్పకుండానమ్మా!" అన్నాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. కెమెరా పెద్దాయన ముఖం మీదికి తిరిగింది. ఇన్నేళ్లూ ఆయన కెమెరాకి వెనకవైపే ఉన్నాడు. ముందు ఇంత వెలుతురుంటుందని, ఆ వెలుతుర్లో ఎదుటివాళ్లెవరూ కనపడరని అప్పుడే తెలిసింది.

"చెప్పండి," అంది ఆమె, ఆయన పక్కకి వచ్చి నిలబడి. "లిఫ్టులో నాకు చెప్పినట్టే చెప్పండి. మా నాన్న ఇంట్లో నన్ను బొంగరం అని పిలిచేవాడు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేదాన్ని కాదు. ఆ మాట కూడా అన్నాడని చెప్పారు కదా మీరు. అదీ చెప్పండి."

లిఫ్టులో ఆయన అలా చెప్పలేదు. ఆ మాట ఆయన ఎన్నడూ వినలేదు. తల తిప్పి ఆమెను చూశాడు. ఆమె ఆయన్నే చూస్తోంది, తడిసిన కళ్లతో, రెప్ప వెయ్యకుండా. ఆమెకి తెలుసు. లిఫ్టులోనే తెలిసిపోయింది. తెలిసే అడుగుతోంది. బండ అన్న మాటని అందరూ విన్నట్టే ఇదీ అందరూ వినాలని, అంతే.

పెద్దాయన చెప్పాడు. రీలు అయిపోవడం, నల్ల సంచి, లిఫ్టాయన నవ్వడం, ఇటు తిరిగి తనకేసి చూడడం, ఇవన్నీ నిజమే కాబట్టి తేలిగ్గానే వచ్చాయి. తర్వాత, "ఆ బండే లేకపోతే ఏ గాలికో కొట్టుకుపోయేవాణ్ణి సార్, అన్నాడు. సాయంత్రం గుమ్మంలో నిలబడి ఉంటుంది మా బొంగరం, అన్నాడు," అన్నాడు. ఆ పేరు దగ్గర జనం ఆగలేకపోయారు. హాలంతా చప్పట్లతో మోగిపోయింది. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని, పసిపిల్లలా ఏడ్చింది.

వెలుతురు కాస్త పక్కకి జరిగినప్పుడు పెద్దాయనకి భార్య కనిపించింది. ఆమె చప్పట్లు కొట్టడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, జాలిగా, ఆయన్నే చూస్తోంది. కెమెరా ఆగాక ఆయన ఎవరి మాటా వినడని తెలిసిన మనిషి ఆ హాల్లో ఆమె ఒక్కతే.

చప్పట్లు సద్దుమణిగాయి. కెమెరా అమ్మాయి హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి తీసి, భయం భయంగా దగ్గరికొచ్చింది.

"సార్, ఏమీ అనుకోకండి. చివరి మాట మీద చప్పట్లు పడ్డాయి, సరిగ్గా వినపడట్లేదు. ఇది ఎప్పటికీ ఉండేది కదా సార్. ఇంకోసారి చెప్తారా?"

లిఫ్టాయన కూతురు ముఖం మీంచి చేతులు తీసి ఎదురుచూసింది.

పెద్దాయన శాలువా సరిచేసుకున్నాడు. కెమెరాలోకి చూశాడు. మొదటినుంచీ మళ్లీ చెప్పాడు. ఈసారి 'మా బొంగరం' అనే ముందు ఒక్క క్షణం ఆగి, లిఫ్టాయన నవ్వినట్టే నవ్వాడు. మొదటిసారి కంటే చాలా బాగా వచ్చింది.